వెనక కొస పట్టుకున్నవాడు

నార్వే భాషలో ఉత్తరాలు చదివి వినిపించే ఉద్యోగం నాకు దొరికిందని మా మేడలో అందరికీ చెప్పింది నేనే. చెప్పకుండా ఉండాల్సింది. రంగూన్ లమ్మడా పేటలో మా మేడకు మెట్లు ఇరుకు. పైన అన్న మాట మనిషికంటే ముందు కిందికి దిగుతుంది. సాయంత్రం నేను దిగేసరికి, మెట్ల పక్కన కిళ్ళీ బల్ల పెట్టుకున్న ముసలాయన తల పైకెత్తి అడిగాడు.

"ఏటి బాబూ, తెల్లోల్ల బాస సదవడానికి ఎల్తన్నారంట? ఆల్లకి సదువు రాదేటి?"

"రాక కాదు. వినిపించడానికి."

"సెవులున్నోల్లకా, నేనోల్లకా?"

నేను సందులోకి నడిచాను. ఆయనకు నాకంటే పదేళ్ళు ఎక్కువ. ముప్పై ఏళ్ళు బోటాటౌంగ్ రేవులో మూటలు మోశాడు. ఆయన తండ్రి, తాత మా తాతగారి ముఠాలో కూలీలు. అందుకని ఇవాళ్టికీ నన్ను బాబు అంటాడు. ఆ పిలుపులో గౌరవం ఎంతో, వేళాకోళం ఎంతో నేను ఎప్పుడూ తూచి చూడలేదు. ఉన్నది చాలనుకున్నాను.

మా తాతగారు రేవు మేస్త్రి. ఆయన పైకండువా ఎగరేస్తే ముఠా అంతా లేచి నిలబడేదని చెప్పుకునేవారు. రేవుకు దగ్గర్లో మాకు కొయ్య మేడ ఉండేది. రేవు పని సర్కారు చేతుల్లోకి పోయాక మేడా పోయింది, ముఠా చెదిరిపోయింది. మాకు మిగిలింది రెండు గదుల వాటా, అందులో ఒక గదిని సగం ఆక్రమించిన తాతగారి టేకు కుర్చీ. దాని వీపు నా తలకంటే ఎత్తు. చీపురు తగిలినప్పుడల్లా మా ఆవిడ దాన్ని తిడుతుంది. నేను అందులో రోజూ కూర్చుంటాను గానీ వీపు ఆనించను. తాతగారు ఆనించేవారు కాదు.

ఆయన నాకిచ్చిన ఆస్తి ఇంకొకటి ఉంది. చిన్నప్పుడు ప్రతి సాయంత్రం నన్ను గోడకు ఎదురుగా నిలబెట్టి పద్యాలు చదివించేవారు. వెన్ను నిటారుగా ఉండాలి. గొంతు బొడ్డు దగ్గర్నుంచి రావాలి. చేతికర్రతో నేల మీద గురువుకు గట్టిగా, లఘువుకు మెల్లగా తట్టేవారు. పాదం చివర రాగం తీయకపోతే ఆ పద్యం మళ్ళీ మొదటికి. ఇప్పుడు రంగూన్ తెలుగు పిల్లల్లో పద్యం చదివేవాళ్ళు లేరు. అర్థమయ్యేవాళ్ళు కొందరున్నారు, నోరు తెరిచేవాళ్ళు తక్కువ. అందుకని పండగలకు గుడిలో చదివేది నేనే. ఉద్యోగం వచ్చింది కూడా అలాగే. గుడికి వచ్చే ఒకతను తన ఆఫీసులో నా గురించి చెప్పాడట: "మా దగ్గర ఒక పెద్దాయన ఉన్నాడు, ఏ కాగితం ఇచ్చినా గొంతెత్తి చదివేస్తాడు."

ఆ ఆఫీసులో పనిచేసే బర్మీయుడి తల్లి నార్వే ఆవిడ. ఏనాడో ఒక బర్మా విద్యార్థిని పెళ్ళి చేసుకుని ఈ ఊరు వచ్చింది, ఇక్కడే ఉండిపోయింది. భర్త పోయాడు. ఎనభై దాటాక ఆమెకు ముందు ఇంగ్లిషు జారిపోయింది, తర్వాత బర్మీ. అడుగున మిగిలింది చిన్ననాటి భాష ఒక్కటే. దాన్ని మాట్లాడేవాళ్ళు చుట్టూ లేరు గనుక ఆమె మాట్లాడటమే మానేసింది.

కొడుకు బోటాటౌంగ్‌లోని వాళ్ళ ఇంట్లో నాకు టీ ఇచ్చి, ఒక బిస్కెట్ల డబ్బా ముందు పెట్టాడు. దాని నిండా ఉత్తరాలు.

"ఇవన్నీ మా పెద్దమ్మ రాసినవి, ఊలే," అన్నాడు. బర్మీలో పినతండ్రి వరసవాళ్ళను అలా పిలుస్తారు. "ఆమె ఇప్పుడు లేదు. నాకు ఈ భాష వింటే కొంత తెలుస్తుంది, చదవడం రాదు. ఫోన్లో నార్వే రేడియో పెట్టి చూశాను. అమ్మ ఫోన్ వైపు చూడదు. ఎదురుగా మనిషి ఉండాలి."

"నాకు అర్థం తెలియదు కదా?"

"మీకు తెలియనక్కర్లేదు. అమ్మకు తెలిస్తే చాలు. నెలాఖరు దాకా చూద్దాం. ఈలోగా అమ్మ ఒక్క మాట మాట్లాడినా మీరు రోజూ రండి. లేకపోతే ఆమెను ఊరికే కదిలించినట్టవుతుంది. మానేద్దాం."

ఒప్పుకున్నాను. ఫోన్లో పాఠాలు చెప్పే నార్వే ఆవిడ ఒకామెను పట్టుకుని వారం రోజులు అక్షరాలు పలకడం నేర్చుకున్నాను. ఇంగ్లిషు అక్షరాలే, పైన మూడు కొత్తవి. ఇంతేనా అనిపించింది. ఆ భాషలో ఒక వింత ఉంది. రెండు మూడు మాటలను కలిపి ఒకే మాటగా రాసేస్తారు, మధ్యలో సందు ఉండదు. మన సమాసాల్లాంటివే. సమాసాలు నాకు కొత్తా? మొదటి ఉత్తరం తీసి, ఎర్ర పెన్సిలుతో ప్రతి అక్షరం మీదా గురు లఘువుల గుర్తులు పెట్టాను. సంయుక్తాక్షరం ముందున్నది గురువు. ఒక మాట చివర పొల్లు ఉండి, తర్వాతి మాట అచ్చుతో మొదలైతే రెంటినీ కలిపేశాను. పాదాలుగా విడగొట్టాను. సూర్యోదయానికి వాళ్ళ మాట సూల్, ఒప్, గాంగ్ అనే మూడు ముక్కలు. సూర్యుడు, పైకి, పోవడం. నా ఎర్ర గుర్తుల ప్రకారం అది 'సూలొప్గాంగ్' అయింది, చివరి గాంగ్ దగ్గర చక్కని దీర్ఘం. మా ఆవిడ వంటగదిలోంచి వచ్చి కాసేపు విని వెళ్ళింది.

"ఏటండీ, సుబ్రబాతవా?"

"ఉత్తరం. వాళ్ళ పెద్దావిడ ఇంటి సంగతులు రాసింది."

"ఇంటి సంగతులకి అంత రాగవేటి? ఆవు ఈనిందని ఇలగే సెప్తారా?"

ఆడవాళ్ళకు ఛందస్సు తెలియదనుకుని మళ్ళీ మొదలుపెట్టాను.

మొదటి రోజు ఉదయం ఇస్త్రీ చొక్కా వేసుకుని, తాతగారి చేతికర్ర పట్టుకుని బస్సెక్కాను. కొడుకు ఆఫీసుకు వెళ్ళిపోయాడు. వంటామె నన్ను లోపలికి తీసుకెళ్ళింది. కిటికీ దగ్గర పడక కుర్చీలో ఆవిడ కూర్చుని ఉంది. బర్మా లుంగీ, తెల్ల రవిక, జుట్టు ముడి. చూపు మాత్రం ఎక్కడో ఉంది. నేను నిటారుగా కూర్చుని, గొంతు సవరించుకుని, ఉత్తరం మొదటి పేజీ చదివాను. నా గొంతు ఆ గది నిండా మోగింది. అయిపోయాక ఆవిడ మెల్లగా రెండు చేతులూ ఎత్తి నాకు దణ్ణం పెట్టింది.

మా తాతగారికి ముఠా వాళ్ళు పెట్టేవారు అలాంటి దణ్ణం. మర్నాడూ పెట్టింది. ఆ మర్నాడు కూడా. విద్య విలువ తెలిసిన ఇల్లు అనుకున్నాను. మా మేడలో అందరికీ చెప్పాను. కిళ్ళీ ముసలాయనకు రెండుసార్లు చెప్పాను.

శనివారం కొడుకు ఇంట్లో ఉన్నాడు. తలుపు దగ్గర నిలబడి నేను చదివిందంతా విన్నాడు. ఆవిడ దణ్ణం పెట్టగానే నన్ను వరండాలోకి తీసుకెళ్ళాడు. నవ్వు ఆపుకోవడానికి చాలా కష్టపడుతున్నాడు.

"ఊలే, ఏమీ అనుకోకండి. మీరు మంత్రాలు చదువుతున్నారనుకుంటోంది అమ్మ. ఇన్నేళ్ళుగా ఈ ఊళ్ళో ఉంది కదా, ఎవరైనా రాగంతో చదివితే చేతులు జోడించడం అలవాటు."

"అది నార్వే భాషే," అన్నాను.

"నేను నిజంగా పోల్చలేకపోయాను," అన్నాడు పాపం. "గ్రోత్ అన్న ఒక్క ముక్క మాత్రం పట్టుకున్నాను. అంటే జావ. చిన్నప్పుడు అమ్మ చేసేది."

జావ మీద నేను ఎంత రాగం తీశానో నాకే గుర్తొచ్చి చెవులు వేడెక్కాయి. నెలాఖరుకు ఇంకా రెండు వారాలే ఉంది. బస్సెక్కకుండా ఇంటిదాకా నడిచాను.

ఆ రోజు నుంచి ఫోన్లో పాఠాల ఆవిడ చెప్పడం, నేను అనడం, అదే పని. ఆమె 'సూల్‌ఒప్‌గాంగ్' అంటే నేను 'సూలొప్గాంగ్'. ఇంటి చాకిరీని ఆమె 'హూస్‌ఆర్బైడ్' అంటే నేను 'హూసార్బైడ్'. తేడా చెవికి తెలుస్తోంది, నోటికి అందడం లేదు. నా నోరు అరవయ్యేళ్ళుగా పొల్లును పక్క అచ్చుకు అప్పగించి బతికింది. పైగా నా గొంతు మాట చివరికే పరుగెత్తుతుంది. ఇంట్లో మా ఆవిడ తరిమేస్తే కింద మెట్ల మీద కూర్చుని సాధన చేసేవాణ్ణి. ముసలాయన తమలపాకులకు సున్నం రాస్తూ రెండు రోజులు విన్నాడు. మూడో రోజు ఉండబట్టలేకపోయాడు.

"బాబూ, ఒక మాట సెప్తే కోపవొస్తాదా?"

"వస్తుంది."

"అయితే సెప్తాను. ఆ పోన్లో ఆడమనిసి బరువు ముందరెడతంది. మీరు ఎనక్కెడతన్నారు. అలగయితే ఎనకోడు సచ్చిపోతాడు."

"ఎవరు వెనకవాడు?"

"బొంగు మోసీవోడు."

నాకు అర్థం కాలేదు. ఆయన ఆకులు పక్కన పెట్టి లేచాడు. ఆ రోజు ఉదయం నుంచీ కరెంటు లేదు, మోటారు ఆడలేదు, మేడలో నీళ్ళు లేవు. పక్క సందులోని చేతిపంపు దగ్గర జనం బారులు తీరి ఉన్నారు. ఇలాంటి రోజుల్లో మా ఇంటి నీళ్ళు మా ఆవిడా, ఎదురు వాటా అమ్మాయీ మోస్తారు. నేను మొయ్యను. మా ఇంట్లో మగవాళ్ళు భుజాన బరువు పెట్టింది లేదు. ముసలాయన తన బల్ల వెనక నుంచి వెదురు బొంగు తీసి, పెద్ద నీళ్ళ డబ్బా ఒకటి పట్టుకుని నా వైపు చూశాడు.

"రండి. నోటితో సెప్తే రాదిది. బుజానికే తెలస్తాది."

"నేనా?"

"మీరే. పదేల్ల పెద్దోన్ని, నాను మోస్తనాను గదా."

సందులో అందరూ చూస్తున్నారు. నేను చేతికర్ర మెట్టుకు ఆనించి వెళ్ళాను. డబ్బా నిండింది. దాన్ని తాడుతో బొంగుకు కట్టాడు. నేను సహజంగా ముందు కొస దగ్గరికి నడిచాను.

"ఊహూ. ముందు నాను. మీది ఎనక కొస."

"నేను వెనకా?"

ఆయన సున్నం అంటిన వేలితో గెడ్డం గోక్కున్నాడు. "మీ ముత్తాత ఎనక కొసే పట్టీవోడు బాబూ. మా ముత్తాత ముందర. ఒకే ఓడలో ఒచ్చినోల్లు, పదేల్లు ఒకే బొంగు మోసినోల్లు. మీ తాత మేస్తిరీ అయినాక ఆ సంగతి ఎవలూ ఎత్తనేదు. మా అయ్య సచ్చిపోయీ ముందర సెప్పాడు."

"అబద్ధం."

"ఔతే ఔనీండి. బొంగెత్తండి, ఎనకాల ఆడోల్లు తిడతన్నారు."

ఎత్తాను. అరవై మూడేళ్ళ భుజం మీద మొదటిసారి వెదురు పడింది. ఆయన డబ్బాను తన వైపుకు జరిపి కట్టాడని అప్పుడు గమనించాను. "హై," అని గట్టిగా అడుగేశాడు. నేనూ గట్టిగా వేశాను. డబ్బా ఊగి, నీళ్ళు నా ఇస్త్రీ పంచె మీద ఒలికాయి. పంపు దగ్గర ఆడవాళ్ళు గొల్లున నవ్వారు.

"ఇద్దరం ముందోల్లం అయిపోతే డబ్బా ఊగదేటి? బరువు నాది. నాను గట్టిగా ఏస్తాను. మీరు ఆ అడుక్కి ఒదిగి మెత్తగా ఎయ్యండి. అలగని కాల్లీడవకండి. ఎనకోడు కాలీగా నడవడు, ఆడి బుజవ్మీద కూడా ఉంటాది. తక్కువుంటాది, అంతే."

మళ్ళీ ఎత్తాం. హై, గట్టిగా ఆయన. ఆ వెంటనే, మెత్తగా నేను. నాలుగడుగులు ఊగకుండా వచ్చాం.

"ఇంకోటి సూసేరా," అన్నాడు వెనక్కి తిరక్కుండానే. "మీకూ నాకూ మజ్జిన ఎడవుంది. మీరు నా మడమ తొక్కితే ఇద్దరం పడతాం. పోన్లో ఆయమ్మ కూడా ఆ ఎడం ఒగ్గుతంది. మీరు ముందోడి కాలు లాక్కెల్లి ఎనకోడికి అతికీస్తన్నారు."

సందు మధ్యలో నేను ఆగిపోయాను. డబ్బా ఊగింది. ఆయన తిట్టాడు, బాబు అనే పిలుపు చేర్చకుండానే. నేను పట్టించుకోలేదు. సూల్. ఎడం. ఒప్‌గాంగ్. హూస్. ఎడం. ఆర్బైడ్. ముందు మాట తన పొల్లు తనే మోసుకుంటుంది, దాన్ని వెనక మాటకు అప్పగించదు. బరువు ముందు మాటది. వెనక మాట తేలికపడుతుంది, కానీ నేలను వదలదు. ఎర్ర పెన్సిలుతో నేను చేసిందంతా డబ్బాను వెనక కొసకు జరిపి కట్టడమే.

ఆ సాయంత్రం మా ఇంటికి నాలుగు డబ్బాల నీళ్ళు వచ్చాయి. మా ఆవిడ గుమ్మంలో నిలబడి నా తడిసిన పంచె, చొక్కా మీది బొంగు మరక చూసింది.

"ఇంకో రెండు తేగలరా? బట్టలు నానబెడతాను."

తెచ్చాను. ఆ తర్వాత వారమంతా కరెంటు పోయినప్పుడల్లా బొంగెత్తాం. సందులో ఆయన హై అంటే, నేను వెనక నుంచి నార్వే మాట ఒకటి అనేవాణ్ణి. పంపు దగ్గర పిల్లలు నాలుగు మాటలు నాకంటే ముందే నేర్చేసుకున్నారు.

నెలాఖరు శనివారం పడింది. కొడుకు ఇంట్లోనే ఉన్నాడు, మొహమాటంగా ఉన్నాడు. ఇదే ఆఖరి రోజనుకుంటున్నాడని తెలుస్తూనే ఉంది. నేను కుర్చీలో కూర్చుని ఉత్తరం విప్పాను. మొదటి మాటకే గొంతు పాత దారిలో చివరికి జారింది. ఆవిడ చేతులు దణ్ణం కోసం లేవబోతున్నాయి.

నేను లేచి నిలబడ్డాను. కూర్చుంటే రావడం లేదు, భుజానికీ కాళ్ళకూ మాత్రమే తెలుసు. ఉత్తరం ఎడమ చేత్తో పట్టుకుని, కిటికీ నుంచి బీరువా దాకా నడుస్తూ చదవడం మొదలుపెట్టాను. ముందు మాటకు కుడికాలు గట్టిగా. వెనక మాటకు ఎడమకాలు మెత్తగా. పాదాలు లేవు, రాగం లేదు. మనిషి బరువుతో నడుస్తూ మాట్లాడితే ఎలా ఉంటుందో అలా. కొడుకు తలుపు దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. ఆవిడ చేతులు సగంలో ఆగి ఒళ్ళోకి దిగాయి. ఆవిడ నా కాళ్ళ వైపు చూస్తోంది. తర్వాత నా నోటి వైపు. సూల్‌ఒప్‌గాంగ్ వచ్చింది. అన్నాను.

"నెయ్," అంది ఆవిడ.

ఆ భాషలో నెయ్ అంటే కాదు అని. ఫోన్లో నేర్చుకున్న రెండో మాట అది.

నేను ఆగాను. ఆవిడ చెయ్యి చాచి, నా కుర్చీకి ఆనించిన తాతగారి కర్ర తీసుకుని నేల మీద ఒకసారి గట్టిగా, ఆ వెనక మెత్తగా తట్టి, "సూల్‌ఒప్‌గాంగ్," అంది. బొంగురు గొంతు, చాలా కాలం మూసి ఉంచిన గది వాసనలా ఉంది. నేను అన్నాను. నెయ్. మళ్ళీ అన్నాను. నెయ్. ఆరోసారికి ఆవిడ తల ఊపింది, కర్రతో తర్వాతి మాట చూపించింది. హావ్రెగ్రోత్, ఓట్స్ జావ. నెయ్. నెయ్. అలా గంటన్నర. మా తాతగారు పోయాక నన్ను ఎవరూ అన్నిసార్లు కాదనలేదు. ఉత్తరంలో రెండో వాక్యం దాటలేదు. కొడుకు తలుపు చెక్కకు తల ఆనించి, నవ్వుతూ, కళ్ళు తుడుచుకుంటూ నిలబడిపోయాడు.

చివరికి ఆవిడ అలసిపోయి, కర్రతో నన్ను చూపిస్తూ కొడుకుతో ఏదో పొడుగ్గా చెప్పింది. అతను నాలుగైదు మాటలకు మళ్ళీ చెప్పమన్నాడు. చెప్పింది.

"ఏమంటున్నారు?" అన్నాను.

"అమ్మ పెళ్ళికి ముందు వాళ్ళ ఊళ్ళో బడిపంతులమ్మ, ఊలే. అది మీకు చెప్పడం మర్చిపోయాను." కాస్త తటపటాయించాడు. "ఈ కుర్రాడికి మాట త్వరగా రాదు, కానీ వెన్ను నిటారుగా పెడతాడు, రేపు కూడా పంపించమంటోంది."

రోజూ వెళ్తున్నాను. చదివి వినిపించేవాడిగా కాదు. ఆవిడ చెప్తుంది, నేను అంటాను. మధ్యలో కొడుకును పిలుస్తుంది, వంటామెను కసురుతుంది, నార్వే మాట ఒక్కటీ అర్థం కాని వంటామె తనూ బర్మీలో జవాబిస్తుంది. ఇద్దరికీ బాగానే సాగుతోంది. మేం ఇంకా మొదటి ఉత్తరంలోనే ఉన్నాం. మా ఆవిడ అడిగిన ఆవు ఇంకా ఈనలేదు.

ఆవిడ నోరు విప్పిన రోజు నేను తిరిగొచ్చినప్పుడు కిళ్ళీ ముసలాయన తల ఎత్తాడు. మేడకు మళ్ళీ కరెంటు లేదు. డబ్బా సిద్ధంగా ఉంది.

"ఏటి బాబూ, ఉజ్జోగం నిలబడిందా?"

"నిలబడింది."

"మరి దొరసానమ్మ మాటాడిందా?"

"మాట్లాడింది. కాదంది."

"కాదంటే?"

"నేను చదివింది కాదంది. యాభై సార్లు."

ఆయన పగలబడి నవ్వి, బొంగు తీశాడు. నేను చేతికర్ర మెట్టుకు ఆనించి, చొక్కా చేతులు మడిచి, ఎవరూ చెప్పకుండానే వెనక కొస దగ్గరికి నడిచాను.